విరామవేళ: పెరటి పాట, నూలు అల్లిక



గృహిణి పనికి అంతము లేదు. వంట ముగిసిన గిన్నెలు, గిన్నెలు ముగిసిన బట్టలు. ఇంటిల్లిపాదికిని విశ్రాంతివేళలు గలవు గాని, ఆమెకు తనదియను వేళ యొక్కటియైనను లేకుండుట న్యాయము గాదు. కావున దినమున కొక అరగంట మీకొఱకు మిగుల్చుకొనుడని మనవి చేయుచు, ఆ యరగంటకు తగిన రెండు వినోదములను ఈ మాసము విన్నవించుచున్నాము. ఒకటి చెవికి, ఒకటి చేతికి.

మొదట చెవి సంగతి. వేసవి యుదయమున పెరటిలో కూర్చుండి యాలకింపుడు. "కుహూ" యని స్వరము హెచ్చించుకొనుచు పోవునది కోకిల. మనము కోకిలమ్మ యందుము గాని, ఆ పాట పాడునది నల్లని మగపక్షి. ఒడలెల్ల చుక్కలుగల ఆడుపక్షి "కిక్ కిక్" మని వడిగా నఱచును; తన గ్రుడ్లను కాకిగూటిలో పెట్టును. సుత్తితో కొట్టినట్లు "టుక్ టుక్" మని యెడతెగక పలుకునది కంసాలిపిట్ట. పొదలో ఆకుపచ్చని వీపుగల చిన్నిపిట్ట తోక నిక్కించి, ఒడలికి మించిన గొంతుతో నఱచెనేని అది దర్జీపిట్ట. అది ఆకుల యంచులకు ముక్కుతో రంధ్రములు చేసి, ప్రత్తిపోగులతోను సాలెపురుగు దారముతోను కుట్టి, ఆ సంచిలో గూడు కట్టుకొనును. కావున మందారమును కత్తిరించుటకు ముందు ఆకుల నొకమాఱు పరికింపుడు.

ఇక చేతి సంగతి. మన యెండలకు ఉన్నికంటె నూలే హాయి. నాలుగు మిల్లీమీటర్ల అల్లికసూదులు రెండు, లావుపాటి నూలుండ యొకటి చాలును. ఒక సూదిపై 30 కుట్లు ఎక్కింపుడు. రెండవ సూదిని మొదటి కుట్టులో ముందునుండి వెనుకకు దూర్చి, దారము చుట్టి, ఆ మెలికను ఈవలికి లాగి, పాతకుట్టును జాఱవిడువుడు. వరుస ముగియగానే సూదులను చేతులు మార్చి మఱల నట్లే చేయవలెను. చతురస్రమైనంతట, రెండు కుట్లల్లి మొదటిదానిని రెండవదానిమీదుగా దాటించి, పిదప ఒక్కొక్క కుట్టునే యల్లి అట్లే దాటించుచు ముగించిన మంచి చేతిగుడ్డ యగును. వరుసవరుసకు కుట్లు లెక్కింపుడు. తగ్గినను పెరిగినను విప్పి మఱల నల్లవచ్చును. దారమునకు లోపము రాదు.

కొన్ని దినములకు వ్రేళ్లకే దారి తెలియును. అప్పుడు చూపునకు విశ్రాంతి, చెవికి పెరటి పాట.

"చేతిగుడ్డ బజారున చౌకగా దొరకదా?" యని యింటివారు ప్రశ్నింపవచ్చును. దొరకును. మేము కోరునది గుడ్డ గాదు, ఆ యరగంట. లాభము లెక్కించి చేసినచో నదియు మఱియొక పనియే యగును. ఫోనును లోపల విడిచి రండు. అత్తగారు కూర్చున్నప్పుడు కోడలును, కోడలు కూర్చున్నప్పుడు అత్తగారును పొయ్యి చూచుకొందురేని, ఈ వేళ ప్రతి యింటను నిలుచును.