‘సమానం’ అంటే ఏమిటో చెప్పాల్సింది మీరే

ఒకమ్మాయి పాత కుల ధ్రువపత్రంలో ‘కరీంనగర్ జిల్లా’ అని, కొత్త ఆదాయ పత్రంలో ‘రాజన్న సిరిసిల్ల జిల్లా’ అని ఉందనుకోండి. ఊరు అదే, ఇల్లూ అదే. దరఖాస్తును సరిచూసే ప్రోగ్రాం మాత్రం జిల్లా పేర్లను అక్షరాలా పోల్చి ‘వేరు’ అనేస్తే? నష్టం ఆ అమ్మాయికే.

2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల. పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. ఊళ్లు కదల్లేదు, జిల్లా పేర్లే మారాయి. ఈ తేడా కంప్యూటర్‌కు దానంతటదే తెలియదు.

పైథాన్‌లో మీరు రాసుకున్న క్లాస్‌కు == అంటే ఏమిటో చెప్పకపోతే, రెండూ మెమరీలో ఒకే ఆబ్జెక్టా కాదా అన్నదే అది చూస్తుంది. అర్థం మార్చాలంటే ‘ఈక్యూ’ అనే ప్రత్యేక మెథడ్ రాయాలి. రాయడం రెండు లైన్ల పని. ఏం రాయాలన్నదే అసలు ప్రశ్న.

‘పాత కరీంనగర్, సిరిసిల్ల సమానం’ అని రాసేస్తే పోలా? పోదు. అదే లెక్కన పాత కరీంనగర్, జగిత్యాల కూడా సమానమే. అప్పుడు సిరిసిల్ల, జగిత్యాల కూడా ఒకటే కావాలి. కావు కదా! అందుకే పోలికను జిల్లా పేరు మీద కాకుండా ఊరి మీద పెట్టాలి. కేంద్రం నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. పోల్చడానికి ఆ కోడ్, చూపించడానికి పేరు.

మరో నియమం: సమానమైన వాటి హ్యాష్ కూడా ఒకటే కావాలి. పైథాన్‌లో ‘ఈక్యూ’ ఒక్కటే రాసి ‘హ్యాష్’ వదిలేస్తే, ఆ ఆబ్జెక్ట్‌ను సెట్‌లో వేయగానే ఎర్రర్ వస్తుంది. జావాలో ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఒకే ఊరు హ్యాష్‌సెట్‌లో రెండుసార్లు చేరిపోవచ్చు.

ఇక < సంగతి. ఒక ఊరు ఇంకో ఊరి కన్నా ‘చిన్నది’ అంటే జనాభాలోనా, విస్తీర్ణంలోనా, అక్షర క్రమంలోనా? ఒక్కటే స్పష్టమైన జవాబు లేనప్పుడు ఆ గుర్తు జోలికి వెళ్లొద్దు. సార్ట్ చేసేటప్పుడు ఏ కీ కావాలో అక్కడే ఇవ్వండి, చాలు.

ఇంటర్వ్యూలో ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అనగానే చాలామంది కాంప్లెక్స్ నంబర్ల కూడికనే అప్పజెబుతారు. మీరు మీ జిల్లా కథ చెప్పండి. సింటాక్స్ ఎవరైనా వెతుక్కుంటారు. ఏ రెండింటిని ఒకటిగా చూడాలో తేల్చగలిగేవాళ్లే కంపెనీకి పనికొస్తారు, దరఖాస్తు పెట్టుకున్న ఆ అమ్మాయికి కూడా.