చేతులు మారిన గిటారు

అమెరికా బ్లూగ్రాస్ సంగీతంలో మేటి గిటారు విద్వాంసుడు టోనీ రైస్ 2020 డిసెంబరు 25న నార్త్ కరొలినా రాష్ట్రంలోని రీడ్స్‌విల్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. ఆ విషాదవార్తను లోకానికి తెలియజేసిన వారిలో ఆయన చిరకాల మిత్రుడు, మాండొలిన్ విద్వాంసుడు రికీ స్కాగ్స్ ఒకరు. 1980లో ఈ మిత్రులిద్దరూ రెండు గొంతులు, రెండు వాద్యాలతోనే ఒక రికార్డు వెలువరించారు. ఒకరిని మించాలని మరొకరు ప్రయత్నించకపోవడమే దాని అందం.

బ్లూగ్రాస్‌లో ఒకప్పుడు గిటారుది వెనుక వరుస. బాంజో, ఫిడేలు, మాండొలిన్ ముందు నడుస్తుంటే అది లయ పట్టేది. దానిని ముందుకు తెచ్చిన వారిలో డాక్ వాట్సన్, క్లారెన్స్ వైట్ ముఖ్యులు. కాలిఫోర్నియాలో పెరిగిన రైస్‌కు చిన్ననాటనే వైట్ ఆదర్శమయ్యారు. 1973 జులైలో, కచేరీ ముగిసి సామాను కారులో సర్దుతుండగా, ఎవరో తాగి నడిపిన కారు ఢీకొని వైట్ మరణించారు. అప్పటికాయన వయసు 29 ఏళ్లే.

వైట్ ఒకనాడు వాయించిన 1935 నాటి మార్టిన్ గిటారు అప్పటికే పరుల చేతుల్లో ఉంది. రైస్ దాని ఆచూకీ తీసి 1975లో 550 డాలర్లకు కొన్నారు. దానిని అద్దాల బీరువాలో పెట్టి పూజించలేదు. దశాబ్దాల తరబడి కచేరీల్లో మోగించారు. అయినా వైట్‌ను అనుకరించలేదు, తన బాణీని తాను మలచుకున్నారు. పెద్దలకు తీర్చవలసిన రుణం ఇలాగే తీర్చాలి.

1994లో రైస్ పాడే గొంతు పోయింది. ఆయన పాట ఆపారేగాని గిటారు వదలలేదు. 2013లో బ్లూగ్రాస్ సంఘం తన ప్రముఖుల శ్రేణిలో చేర్చి గౌరవించినప్పుడు, ఎంతో శ్రమించి తన పాత స్వరంతో నాలుగు మాటలు మాట్లాడారు. సభికులు చలించిపోయారు.

కళాకారుడు పోయాక సంతాపసభ జరపడం తేలిక. గొంతు పోయిన నాడు, వేళ్లు సహకరించని నాడు పక్కన నిలవడమే కష్టం. ఆపదలో ఉన్న కళాకారుల కోసం ఆ సంఘం ఒక సహాయనిధి నడుపుతుండడం హర్షణీయం. ఏ ప్రాంత కళాకారులకైనా కావలసింది ఇదే. బతికుండగా ఆదరణ, పోయాక ఆ వాద్యం మూగబోకుండా చూసే వారసులు. పూలదండలు ఆ తర్వాతి మాట.