ఊరంత ఒక్క మాట మీద ఉన్నదా?

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల దిక్కు ఊర్లల్ల వీడీసీ అంటే తెల్వనోళ్లు ఉండరు. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు. సర్పంచ్‌కు ఓటేస్తం గని, ఈ కమిటీకి ఎవలు ఓటేసిన్రు? అయినా బెల్టు షాపు వేలం నుంచి కల్లు ధర దాకా చానా ఊర్లల్ల దాని మాటే నడుస్తది. కాదన్నోళ్లకు దండుగ. దండుగ కట్టకపోతే వెలి.

వెలి పడ్డ ఇంటికి దుకాణంల ఉప్పు పుట్టదు. పొలానికి ట్రాక్టర్ రాదు, నాటుకు కూలోళ్లు రారు. పెండ్లికి పిలుపు ఉండదు. వాళ్లతోని మాట్లాడినోళ్లకు సుత దండుగ వేస్తరు. అసలు కీలకం గీడనే ఉన్నది. శిక్ష ఒక్క ఇంటికి, భయం ఊరందరికి. ఊర్లు తిరుగుతుంటే నాకు ఎక్కువ ఇనబడే మాట "ఊరంత ఒక్క మాట మీద ఉన్నదన్నా" అని. ఆ ఒక్క మాటల భయపడి సప్పుడు చేయనోళ్లు ఎంతమందో ఎవలూ లెక్కపెట్టరు.

అట్లని "ఊరుతోని నాకేంది" అని నేను అనను. అర్ధరాత్రి పాము కరిస్తే బండి తీసేది పక్కింటోడే. మనిషికి నలుగురు కావాలె. గా అవసరాన్ని పట్టుకునే వీళ్లు మెడలు వంచుతున్నరు. నలుగుట్ల ఉండాలంటే నోరు మూసుకోవాలె అనే షరతు ఎవలు పెట్టిన్రు?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల అంబేద్కర్ ఈ ముచ్చట తేల్చిండు. ముసాయిదా రాజ్యాంగం ఊరిని పక్కనపెట్టి మనిషినే యూనిట్‌గ తీసుకున్నదని చెప్పిండు. ఎస్సీ, ఎస్టీలను వేరే కులపోళ్లు వెలేస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015 సవరణల ఆ మాట సాఫ్‌గ రాసిన్రు. మరి గీత కార్మికుని కుటుంబాన్ని వెలేస్తే? మహారాష్ట్ర 2016ల అన్ని కులాలకు వర్తించేటట్టు చట్టం చేసింది. 3 ఏండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మన తెలంగాణకు సుత అసొంటి చట్టం కావాలె.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూసుందామా? తమ్మీ, చెల్లె, వెలేసినమని వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వస్తే దానికి బొటనవేలు కొట్టకుండ్రి. తెల్లారి పోయి ఆ ఇంటోళ్లను పలకరించుండ్రి. ఒక్కలు పోతే దండుగ వేస్తరు. ఇరవై మంది పోతే ఎవలికని వేస్తరు?