లండన్ పెరట్లో మన రామచిలుక.. ఇప్పుడు పొమ్మంటే పోతుందా?

లండన్ శివార్లలోని రిచ్‌మండ్, కింగ్‌స్టన్, ట్వికెన్‌హామ్‌.. తెల్లారితే చాలు, పచ్చని గుంపుల అరుపులే. అవును, అచ్చం మన రామచిలుకలే! పంజరాల కోసం తీసుకెళ్లినవి తప్పించుకుని 1970ల నుంచీ అక్కడే సంతతి పెంచుకుంటున్నాయి. జిమి హెండ్రిక్స్ వదిలిన జంటే మూలమన్న కథ ఉత్తిదేనని 2019 అధ్యయనం తేల్చేసింది.

ఆ చలిలో ఎలా బతుకుతున్నాయంటారా? హిమాలయాల దిగువ చలి వీటికి అలవాటే. పైగా పెరట్లో వేరుశెనగలు వేలాడదీసి మేపుతున్నది అక్కడి జనమే. అసలు గొడవ చెట్టు తొర్రల దగ్గర. ఇవి ముందే ఆక్రమిస్తే స్థానిక పిట్టలు గూడెక్కడ పెట్టాలి? పంట నష్టం ఆపడానికైతే లైసెన్స్ నిబంధనల ప్రకారం చంపొచ్చు. కానీ వేలల్లో పెరిగాక, ఇళ్ల మధ్య తుపాకీ పేల్చేదెవరు? మన దగ్గర మాత్రం ఇదే చిలుకను పట్టి అమ్మితే నేరం.