‘అక్కడక్కడ’ అంటే మన తండానా, కాదా?

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి. మనలో చాలామంది హాస్టళ్లలో ఉంటున్నం. అమ్మానాన్నలేమో వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల తండాల్లో ఉన్నరు. వాతావరణం వార్త మన ఫోన్‌కు వస్తది, పంట మాత్రం వాళ్ల దగ్గర ఉంటది. ఈ పోస్టు దాని గురించే.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో రాళ్లవాన పడ్డది. రోడ్లు, చేన్లు తెల్లగా కప్పుకుపోయినయ్. ‘వికారాబాద్ కాశ్మీర్ అయింది’ అని వీడియోలు రాష్ట్రమంతా తిరిగినయ్. చూసేటోళ్లకు అందంగనే ఉంది. కానీ ఆ తెల్లదనం కింద ఉన్నది ఒక సీజన్ కూరగాయలు, మామిడి పిందెలు. అప్పటి నుంచి మార్చి, ఏప్రిల్ వస్తే చాలు, ‘ఈసారి మన దిక్కు మంచు పడ్తదా’ అని అడిగేటోళ్లు తయారైతున్నరు.

ముందు ఈ ‘మంచు’ మాట సాఫ్ చేసుకుందాం. తెలుగులో పొద్దున గడ్డి మీద ఉండేది మంచే, పొగమంచూ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. తాండూరు కంది రైతును అడగండి, పూత టైంలో మంచు కమ్మితే పూత రాల్తదని చెప్తడు. ఆయన చెప్పేది పొగమంచు గురించి. కాశ్మీర్ లాంటి మంచు పడాలంటే మేఘం నుంచి నేల దాకా గాలి గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. మనకు మార్చిలో నీళ్లు గడ్డకట్టే చలి ఎక్కడో నాలుగు కిలోమీటర్లకు పైన ఉంటది. కింద ఎండ మండుతుంటది. ఆ ఎండకు వేడెక్కిన తేమగాలి జోరుగా పైకి లేస్తది. ఆ ఊపుకు నీటిచుక్కలు పైపైకి పోయి గడ్డకట్టి, పొర మీద పొర పెరిగి, గాలి ఇక మోయలేనప్పుడు కింద పడ్తయ్. అదే రాళ్లవాన. అంటే ఎండ వల్లనే ఆ మంచుగడ్డలు తయారైతయ్. అనంతగిరి చల్లగా ఉందని కాదు.

ఇప్పుడు అసలు లొల్లి. ‘వికారాబాద్ జిల్లాలో అక్కడక్కడ వడగండ్ల వాన’ అని హెచ్చరిక వస్తది. మన తండాలో చుక్క పడదు. ‘వీళ్లు చెప్పింది ఎప్పుడు నిజమైంది’ అని నవ్వుకుంటం. నా అభిప్రాయం ఏందంటే, ఈ నవ్వుతో నష్టపోయేది మనమే.

వాతావరణ శాఖ లెక్కలో ‘అక్కడక్కడ’ అంటే ఆ ప్రాంతంలో నాలుగో వంతు చోట్ల గానీ, అంతకన్నా తక్కువ చోట్ల గానీ అని అర్థం. అంటే మిగతా ముప్పాతిక చోట్ల పడదని వాళ్లే ముందుగా చెప్తున్నరు. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య నలభై కిలోమీటర్ల దూరం ఉంటది. రాళ్లవాన మాత్రం సన్నటి పట్టీలాగ పోతది. ఒక ఊర్లో చేను నేలమట్టమైతే పక్క ఊర్లో ఎండ కాస్తది. మన తండాలో పడనంత మాత్రాన హెచ్చరిక అబద్ధం కాదు.

‘ఉపగ్రహాలున్నయ్, రాడార్లున్నయ్, ఊరు పేరు చెప్పలేరా’ అని అడుగుతరు. ఒక రోజు ముందు చెప్పలేరు. ఏ మేఘం ఎక్కడ పుడ్తదో అప్పటికి ఎవరికీ తెలియదు. మేఘం పుట్టినంక హైదరాబాద్ రాడార్‌కు కనపడ్తది. అప్పుడు రెండు, మూడు గంటలకు సరిపడే హెచ్చరిక ఇస్తరు. దానికీ హద్దుంది. భూమి గుండ్రం కాబట్టి దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం నేల నుంచి పైకి పోతది. వంద కిలోమీటర్ల అవతల ఉన్న తాండూరు దిక్కు అది చూసేది సుమారు కిలోమీటరున్నర ఎత్తునుంచి పైన జరిగేదాన్నే. ‘తెలంగాణ వెదర్‌మ్యాన్’ పేరుతో రాసే బాలాజీ లాంటి ఔత్సాహికులు సాయంత్రం పూట మేఘం ఏ దిక్కు పోతుందో గంట గంటకూ చెప్తుంటరు. ఆ గంటల సమాచారమే మనకు పనికొచ్చేది. కానీ అది ఇంగ్లీషులో, మ్యాపుల్లో, స్మార్ట్‌ఫోన్లో ఉంటది. తండాలో నాన్న చేతిలో ఉన్నది బటన్ల ఫోను.

నాలుగో వంతు అవకాశం అంటే తక్కువ అనిపిస్తది. కల్లంలో పోసిన పంట మీద పట్టా కప్పడానికి అరగంట పడ్తది. తడిస్తే నాలుగు నెలల కష్టం పోతది. మూడుసార్లు ఊరికే కప్పినా నాలుగోసారి గిట్టుబాటు అయితది. పశువులను చెట్టు కింద నుంచి ఇంటికి తోలుకురావడం కూడా అంతే.

చేన్లో నిలబడి ఉన్న టమాటకు, మామిడి తోటకు మాత్రం పట్టా కప్పలేం. ఎంత మంచి హెచ్చరిక అయినా ఆ పంటను కాపాడదు. అక్కడ అడగాల్సింది సర్కారును. ఫసల్ బీమా పథకం నుంచి రాష్ట్రం 2020లో బయటికి వచ్చింది. అందుకే 2023 రాళ్లవాన టైంకు రైతు చేతిలో ఆ బీమా లేదు. అప్పటి ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది. విపత్తు నిధి లెక్క ప్రకారమైతే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, అంటే ఎకరాకు 3,400 రూపాయలే. అది కూడా 33 శాతం దాటి నష్టపోతేనే. కౌలుకు చేసేటోళ్ల పేరు చాలాసార్లు కాగితాల్లోనే ఉండదు. ఎవరూ ముందే చెప్పలేని నష్టాన్ని రైతు ఒక్కడే ఎందుకు మోయాలె? వాతావరణ శాఖను తిట్టే నోటితో ఈ ప్రశ్న అడుగుదాం.

అడగాలంటే చేతిలో రుజువు ఉండాలె. మండలాల్లో ఉన్న ఆటోమేటిక్ కేంద్రాలు వాన ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తయ్, రాళ్లను లెక్కపెట్టవు. రాళ్లేమో కొద్ది గంటల్లో కరిగిపోతయ్. సర్వేకు సార్లు వచ్చేసరికి చేను ఎండి ఉంటది. అందుకని చదువుకున్న మనం చేయాల్సినవి నాలుగు ఉన్నయ్.

1. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన రోజు మధ్యాహ్నం నుంచి మూడు గంటల హెచ్చరికలు చూడండి. మేఘం మన దిక్కు వస్తుంటే మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఇంటికి ఫోన్ చేయండి. మన గోర్ భాషలోనే చెప్పండి.

2. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ పెట్టుకోండి. మేకల కాపరుల ఇండ్లకు ముందుగా చెప్పండి.

3. రాళ్లవాన పడితే ఫొటో తీసి తేదీ, టైం, తండా పేరు రాయండి. రాయి సైజు శనగగింజంతనా, గోళీ అంతనా, నిమ్మకాయంతనా రాయండి. తీసిన ఫొటోలు వ్యవసాయ విస్తరణాధికారికి ఇవ్వండి.

4. తేదీ, టైం, ఎవరు చెప్పిన్రో లేని మెసేజ్ ముందుకు పంపకండి. ‘రేపు తాండూరులో భారీ మంచు’ లాంటివి అసలే వద్దు. ‘నాన్నా పులి’ కథ అందరం చదివినం. పులి నిజంగా వచ్చిన రోజు తండాలో మన మాట నమ్మేటోళ్లు ఉండాలె.

మీ తండాలో ఈ పని ఎవరు చూసుకుంటరో కింద పేరు రాయండి. ఒక్కో తండాకు ఒక్కరున్నా చాలు.