వైరు పాతదీ కాదు, వైఫై విషమూ కాదు

లాప్‌టాప్ కొనబోయేవారికి సలహాలిచ్చేవారు రెండు రకాలు. "ఈ రోజుల్లో వైరేమిటండీ, అంతా వైఫైయే కదా" అనేవారు ఒకరు. "వైఫై రేడియేషన్‌తో కాన్సర్ వస్తుంది, వైరే వాడండి" అనేవారు మరొకరు. ఒకరిది ఫాషన్, ఇంకొకరిది భయం. రుజువు మాత్రం ఇద్దరూ చూపించరు.

రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగమంతా వోచరు లేనిదే బిల్లు పాసు చెయ్యకుండా గడిపినవాణ్ణి. ఈ రెండు బిల్లులూ అలాగే చూద్దాం.

ముందు భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో రేడియో తరంగాలని 2బి వర్గంలో పెట్టిన మాట నిజం. దాని అర్థం "కారణం కావచ్చు, రుజువు పరిమితం" అని మాత్రమే. ఆసియా సంప్రదాయ పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలూ అదే వర్గంలో ఉన్నాయి. ఎక్స్‌రేల్లాగా పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొట్టే శక్తి వైఫై తరంగాలకి లేదు. అయినా జేబులో సెల్‌ఫోను పెట్టుకుని లాప్‌టాప్‌కి మాత్రం వైరు తగిలించడం ఏం తర్కం? ఫోను వెనక అంటించుకునే "రేడియేషన్ స్టిక్కర్లు" తాయెత్తులకి కొత్త రూపమే.

ఇక ఫాషన్. ఈథర్‌నెట్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో పుట్టింది కాబట్టి పాతదట! గుణకారం అంతకంటే పాతది. మానేశామా?

మా సంత్రాగాఛిలో ఫ్లాట్లు అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఉంటాయి. వైఫై జాబితా తెరిస్తే స్క్రీను నిండా పక్కిళ్ళ పేర్లే. 2.4 గిగాహెర్ట్జ్ బాండులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్ళు మూడే: 1, 6, 11. ఇరుగుపొరుగు అందరూ వాటినే పంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే కానీ, ఆ తరంగాలు గోడల్ని అంత బాగా దాటవు. వైరులో ఈ పంపకాల గొడవ లేదు.

ఇదేమంత పెద్ద విషయం అంటారా? తెలుగు నేలకి దూరంగా ఉన్న నాలాంటివాడికి హేతువాద మిత్రులతో వాదించుకోవడానికి మిగిలింది ఆదివారం వీడియో సమావేశమే. వాదన సగంలో బొమ్మ బిగుసుకుపోతే మిగతా సగం ఎవరు వింటారు? బాంకు పని మధ్యలో ఆగిపోతే, డబ్బు వెళ్ళిందో లేదో తెలీక రక్తపోటు పెరిగేదీ పెన్షనరుకే.

కాబట్టి కొనేముందు ఈ నాలుగూ చూడండి.

1. పోర్టు. 2008లో మాక్‌బుక్ ఎయిర్ లాన్ పోర్టు లేకుండా వచ్చింది. పలచదనం కోసం తరవాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ప్రకటన నమ్మకుండా యంత్రం అంచులు కళ్ళతో చూడండి. కొన్నిటిలో పోర్టు దవడలా తెరుచుకుంటుంది.

2. వేగం. "లాన్ ఉంది" అంటే చాలదు. 100 మెగాబిట్లా, 1000 మెగాబిట్లా అని అడగండి. రెండోదాన్నే గిగాబిట్ అంటారు.

3. అడాప్టరు. పోర్టు లేదని మంచి లాప్‌టాప్‌ని వదులుకోనక్కర్లేదు. యూఎస్‌బీ అడాప్టరుతో పని జరుగుతుంది. కాకపోతే యూఎస్‌బీ 3 గిగాబిట్ రకం తీసుకోండి. యూఎస్‌బీ 2 కాగితం మీద కూడా 480 మెగాబిట్లు దాటదు.

4. కేబులు. గిగాబిట్‌కి లోపలి ఎనిమిది తీగలూ కావాలి. నాలుగే బిగిస్తే 100 దగ్గర ఆగిపోతుంది. కాట్ 5ఇ రకం 100 మీటర్ల వరకు చాలు, ఇంట్లో అంతకంటే ఖరీదైనది దండగ.

ఒక దుకాణంలో "వైరుకి వేగం తక్కువ" అన్నారు నాతో. కేబులు తగిలించి విండోస్‌లో లింక్ స్పీడ్ చూపించమన్నాను. 1000 అని వచ్చింది. వాదన అక్కడితో సరి.

వైరుకీ లోపాలున్నాయి. కాల్‌బైశాఖి ఉరుముల వేళ రాగి తీగలో హెచ్చు విద్యుత్తు వచ్చి పోర్టు కాలిపోవచ్చు. మబ్బు పట్టగానే పీకేయడం మంచిది. గది మారితే వైరు వెంట రాదు.

వైరు మీద కూడా భక్తి అక్కర్లేదు. మీ ఇంట్లో, మీ బల్ల దగ్గర, రెండూ ఒక వారం పాటు వాడి, ఏది ఎన్నిసార్లు తెగిందో కాగితం మీద రాయండి. వైఫై నెగ్గితే కేబులు చుట్టి అటక మీద పెట్టేయండి. నాకేం అభ్యంతరం లేదు, లెక్క చూపిస్తే చాలు.