మా డిమాండ్ల పత్రంలో లేని పిల్లలు

పీఆర్సీ కోసం రోడ్డెక్కాం. డీఏ బకాయిల కోసం, బదిలీల షెడ్యూలు కోసం కలెక్టరేట్ల ముందు బైఠాయించాం. ఉపాధ్యాయ సంఘాల్లో తిరిగిన మేం ఇన్నేళ్లుగా రాసిన డిమాండ్ల పత్రాలు తిరగేస్తే సిగ్గేస్తుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడు చదివే బడికి ఒక ఆయాను ఇవ్వండన్న మాట వాటిలో ఎక్కడో అడుగున ఉంటుంది, లేదంటే అసలే ఉండదు.

చట్టాలకు కొదవ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందరితో కలిపి చదివించమన్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమూ ఉంది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, ప్రాథమిక స్థాయిలో వైకల్యమున్న పిల్లలు 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్రం నోటిఫై చేసింది. పోస్టులు ప్రకటించండని 2025లో కోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈలోగా ఆ తీర్పు కాపీ పట్టుకుని మేం ఏ ఆఫీసు మెట్లెక్కాం?

తరగతిలో ఏం జరుగుతోందో మాకు తెలియక కాదు. మూడో తరగతి పిల్లవాణ్ణి బాత్రూంకు తీసుకెళ్లాలంటే పక్క గదిలో ఐదో తరగతి చదివే వాడి అక్కను పిలుస్తాం. ఆ పిల్ల లెక్కల పుస్తకం పక్కన పెట్టి తమ్ముణ్ణి మోసుకెళ్తుంది. తిరిగొచ్చేసరికి బోర్డు మీద భిన్నాలు చెరిపేసి ఉంటాయి. ‘ఎంత బంగారుతల్లివే’ అని మెచ్చుకుంటాం. చెరిపేసిన పాఠం మళ్లీ చెప్పం.

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి వచ్చే రిసోర్స్ పర్సన్‌ను (ఐఈఆర్పీ) మాలో మనిషిగా ఏనాడూ చూడలేదు. కాంట్రాక్టు ఉద్యోగి, మా క్యాడర్ కాదు. ఆమె వరండాలో చాప పరిచి ఆ పిల్లవాడితో పూసలు గుచ్చిస్తుంటే, ‘హమ్మయ్య, ఈ గంట క్లాసు సాగుతుంది’ అనుకున్నాం. రేపు చెప్పబోయే పాఠంలో వాడికి ఏది ఎలా చెప్పాలో ఆమెను అడగలేదు. ఆమె జీతం ఆగినప్పుడు ఒక సంఘీభావ ప్రకటనతో చేతులు దులుపుకున్నాం.

బయటికి చెప్పుకోలేనివీ ఉన్నాయి. తనిఖీ ఉందంటే ‘రేపొక్కరోజు బాబును ఇంట్లో ఉంచుకోమ్మా’ అని తల్లికి చెప్పి పంపాం. కొత్తగా చేరిన పంతులమ్మ, గోడకు తల బాదుకునే పిల్లను ఆపలేక స్టాఫ్‌రూంలో ఏడిస్తే, ‘మనసుకు తీసుకోకు, అదే అలవాటవుతుంది’ అన్నాం. ఆమెకు కావలసింది పక్కన ఇంకో మనిషి. మేమిచ్చింది ఓదార్పు.

సాకులు లేవా అంటే బోలెడు. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, రోజూ యాప్‌లలో ఫొటోలు, శిక్షణ పేరుతో నాలుగు స్లైడ్లు. అన్నీ నిజాలే. జీతాల దగ్గర ఈ నిజాలనే గొంతు చించుకుని చెప్పాం, ఈ పిల్లల దగ్గరికొచ్చేసరికి స్టాఫ్‌రూంలో గొణుక్కుని ఊరుకున్నాం.

వచ్చే మహాసభలో మొదటి తీర్మానంగా మూడు అడగాలి: రెగ్యులర్ ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు, అవసరమున్న ప్రతి బడికీ ఆయా, తరగతి టీచరూ ప్రత్యేక ఉపాధ్యాయుడూ కలిసి పాఠం సిద్ధం చేసుకోవడానికి టైంటేబుల్లో ఒక పీరియడ్. చర్చలకు పిలిస్తే పీఆర్సీ కన్నా ముందు వీటి మీదే పట్టుబట్టాలి. అంత మాత్రం చేయలేకపోతే ‘విద్యారంగ పరిరక్షణ’ అన్న బ్యానరు పట్టుకునే అర్హత మాకు లేదు.